రేవు వైపు వీచే గాలి

2021 ఫిబ్రవరిలో నేను కూర్మన్నపాలెంలో మా మావయ్య వాళ్లింట్లో ఉన్నాను. కోవిడ్ పుణ్యమా అని వర్క్ ఫ్రమ్ హోమ్. బెంగళూరులో రూము ఖాళీ చేసి, రెండు మానిటర్లు, ఒక కుర్చీ వేసుకుని వచ్చేశాను. జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఉపసంఘం విశాఖ ఉక్కులో వందశాతం వాటా అమ్మకానికి ఒప్పుకుంది. మూడు వారాలు తిరక్కుండానే కూర్మన్నపాలెం జంక్షన్లో రిలే నిరాహార దీక్షల శిబిరం వెలిసింది. దాని మైకు నా మీటింగుల్లోకి వచ్చేది. నేను మ్యూట్ తీసినప్పుడల్లా అవతల హైదరాబాద్ వాళ్లకీ, పుణె వాళ్లకీ "విశాఖ ఉక్కు" అన్న కేక సగం వినపడేది. "ఆంధ్రుల హక్కు" అనేలోపు నేను మ్యూట్ నొక్కేసేవాణ్ణి.

ఒకరోజు సాయంత్రం టీవీలో అన్ని పార్టీల వాళ్లూ కూర్చుని, ఉక్కుని ఎవరు కాపాడుతున్నారో, ఎవరు అమ్ముకుంటున్నారో తేల్చుకుంటున్నారు. స్టీల్‌ప్లాంటులోనే పనిచేసి రిటైరైన మావయ్య కాసేపు చూసి, "అందరూ అవకాశవాదులేరా అల్లుడూ. ఒక్కడైనా మంచోడు నేడ్రా" అన్నాడు.

అదే రాత్రి నేను రిజైన్ చేయాలి. ఏడాదిన్నరలో రెండో కంపెనీ మారడం. మా టీం మూడు వారాల్లో ఒక పెద్ద రిలీజ్ ఇవ్వాలి, అందులో సగం కోడు నాది. నోటీస్ పీరియడ్ కొనేస్తామని కొత్తవాళ్లు చెప్పారు. మావయ్యకి ఆ మాట చెప్పాను.

"ఎంతెక్కువిస్తన్నారేటి?"

చెప్పాను.

"మరి నీ టీమోళ్లు?"

"వాళ్లు చూసుకుంటారులే మావయ్యా."

ఆయనేమీ అనలేదు. టీవీ సౌండు కొంచెం పెంచాడు. అంతకుముందు నిమిషంలో టీవీలోని వాళ్ల మీద విసిరిన మాట ఇంకా గదిలోనే తిరుగుతున్నట్టనిపించింది.

ఆ మాట మీద నా కుతూహలం అలా మొదలైంది. భాషాశాస్త్రం నాకు రాదు, చదివింది మెకానికల్, బతుకుతున్నది జావా మీద. అయినా ఒక మాట మనకి తగిలినప్పుడు అది ఎటునుంచి వచ్చిందో చూసుకోవాలనిపిస్తుంది కదా.

*

మొదట గమనించింది, ఈ మాటకి ఉత్తమ పురుష లేదు. నేను అవకాశాన్ని సద్వినియోగం చేసుకుంటాను. నువ్వు అవకాశం దొరికింది కదా అని తీసేసుకుంటావు. వాడు అవకాశవాది. పని ఒక్కటే, మనిషి మారేసరికి పేరు మారుతోంది. వాదం అని చివర తగిలించాం కాబట్టి మార్క్సిజం, గాంధేయవాదం లాగా దీనికీ ఒక సిద్ధాంతం, కొందరు అనుచరులు ఉండాలి. కానీ "నేను అవకాశవాదిని" అని చెప్పుకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు. పైగా మా ఫీల్డులో అవకాశమే పలకరింపు. రిక్రూటర్ల నుంచి వచ్చే ప్రతి మెయిలూ "ఎక్సైటింగ్ ఆపర్చునిటీ" అనే మొదలవుతుంది.

అవకాశం అన్న మాటకి మాత్రం ఏ పాపమూ తెలియదు. సంస్కృతంలో అది చోటు, ఎడం, ఖాళీ. ఆకాశం ఏ ధాతువు నుంచి వచ్చిందో అవకాశమూ అక్కడినుంచే వచ్చింది. చిన్నప్పుడు మావయ్య దగ్గర ఒక లీవు ఫారం చూశాను. కేంద్రప్రభుత్వ సంస్థ కదా, ఇంగ్లీషూ హిందీ రెండూ ఉన్నాయి. అప్పుడే హిందీ అక్షరాలు కూడబలుక్కుంటున్నాను. "ఆకస్మిక్ అవకాశ్" అని ఉంది. మావయ్యకి అకస్మాత్తుగా ఏదో గొప్ప అవకాశం వచ్చిందనుకుని అమ్మకి పరిగెత్తుకెళ్లి చెప్పాను. అది క్యాజువల్ లీవు. హిందీవాళ్లకి అవకాశ్ అంటే సెలవు. వాళ్లు ఛాన్సుని అవసర్ అంటారు, అందుకని అవకాశవాదం వాళ్లకి అవసర్‌వాద్. మనకేమో అవసరం అంటే కావలసినది. తమిళంలో, కన్నడంలో అవసరం అంటే తొందర. ఒకే సంచీలోంచి తీసిన మాటలు ఒక్కో ఊళ్లో ఒక్కో పనికి పెట్టుకున్నారు. తమిళులు సందర్భవాదం అంటారు, బెంగాలీలు సుబిధావాదం. మరాఠీవాళ్ల మాట నాకు బాగా నచ్చింది, సంధిసాధు. సంధి దొరికితే సాధించుకునేవాడు. చదవగానే ఎవరో ఒకాయన కళ్లముందు మెదులుతాడు.

మలయాళం సంగతి మాత్రం పుస్తకాల్లో కాక, చాట్‌లో తెలిసింది. శిబిరం బ్యానరు ఫోటో ఒకటి టీం గ్రూపులో పెట్టాను, ఈ మైకు గోలకి కారణం ఇదీ అని. కొట్టాయం నుంచి వచ్చిన కొలీగ్ ఒకతను దాని అర్థం అడిగాడు. ఉక్కు అంటే స్టీల్ అన్నాను. "మాకు ఉరుక్కు" అన్నాడు. హక్కు అంటే రైట్ అన్నాను.

"ఓ, అవకాశం" అన్నాడు.

నేను కాదన్నాను, అతను అవునన్నాడు. మలయాళంలో హక్కుని అవకాశం అంటారు. మానవ హక్కులు వాళ్లకి మనుష్యావకాశాలు. హక్కు అన్నది అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చి, మన ద్రావిడ ఉక్కుతో ప్రాసకి బ్రహ్మాండంగా కుదిరింది. ఆ ప్రాస వల్లే ఆ నినాదం యాభై అయిదేళ్లు నిలిచిందని నా అనుమానం. కానీ ఒక మలయాళీకి దాని అర్థం చెప్పాలంటే, విశాఖ ఉక్కు ఆంధ్రుల అవకాశం అనాలి. ఒక భాషలో చోటు, ఒక భాషలో సెలవు, ఒక భాషలో హక్కు, మనకి ఛాన్సు. చోటు అన్నదాన్నే పట్టుకుని చూస్తే మిగతావన్నీ దాంట్లోంచి వచ్చినవే. పనిలో చోటు దొరికితే సెలవు, నాకూ చోటుందని గట్టిగా అంటే హక్కు.

*

ఇంగ్లీషు మాట ఇంకా తమాషాగా ఉంది. ఆపర్చునిటీకి మూలమైన లాటిన్ మాట ఓపోర్తునుస్. అందులో ఉన్నది పోర్తుస్, అంటే రేవు. రేవు వైపు వీచే గాలికి పెట్టిన పేరు అది. తెరచాప ఓడల కాలంలో నావికుడి చేతిలో లేనిది గాలి ఒక్కటే. అది సరిగ్గా రేవు వైపు తిరిగినప్పుడు చాప ఎత్తడమే అవకాశం. అందులో దోషం ఏముంది? ఎత్తనివాడే మూర్ఖుడు.

రేవు పట్నంలో కూర్చుని ఇది చదివితే నవ్వొచ్చింది. మన ఊరి రేవు గాలిని వాడుకోవడం కంటే గాలినుంచి దాక్కోవడం మీద కట్టింది. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉన్న బురదనేలని బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్లు తవ్వించి, ఒడ్డువెంట కొట్టుకొచ్చే ఇసుకని అడ్డుకోవడానికి రెండు పాత ఓడల్ని ముఖద్వారం దగ్గర ముంచి, 1933 అక్టోబరు 7న మొదటి ఓడ జలదుర్గని లోపలికి తెచ్చారు. డిసెంబర్లో వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. మధ్యపరగణాల మాంగనీసుకి సముద్రం మీదికి దారి కావాలి, ఇక్కడ కొండ చాటున చోటుంది. లాటిన్ అర్థమూ సంస్కృత అర్థమూ రెండూ ఒకేచోట కుదిరిన రేవు ఇది.

గాలి మంచిదే, చోటు మంచిదే. మరి ఎక్కడ చెడింది? మాటకి ఇజం తగిలినచోట. 1870ల్లో ఫ్రాన్సులో గాంబెట్టా, ఆయన అనుచరులు రిపబ్లిక్‌కి సంబంధించిన సంస్కరణలన్నీ ఒక్కసారిగా వద్దు, సమయం చూసి ఒక్కొక్కటీ చేద్దాం అన్నారు. వాళ్లని వెక్కిరించడానికి పుట్టిన పేరు ఆపర్చునిస్టులు. పార్టీకి ఆ పేరు స్థిరపడిపోయింది కూడా. చరిత్ర పుస్తకాల్లో ఇవాళ్టికీ వాళ్లు ఆపర్చునిస్టు రిపబ్లికన్లే. ఈ మాటకి ఉత్తమ పురుష ఉన్న ఒక్క సందర్భం బహుశా అదే.

దానికి విషం పట్టించింది 1914. ఆగస్టులో జర్మన్ సోషలిస్టులు తమ ప్రభుత్వం యుద్ధానికి అడిగిన అప్పుకి పార్లమెంటులో ఓటేశారు. అప్పటిదాకా యుద్ధం వద్దని తీర్మానాలు చేసినవాళ్లే. లెనిన్ దీన్ని అవకాశవాదం అన్నాడు. కొందరు కార్మికుల ఇవాళ్టి చిన్న లాభానికి మొత్తం కార్మికుల రేపటిని తాకట్టు పెట్టడం అన్నది ఆయన వాదన సారం. మాస్కో ప్రగతి ప్రచురణాలయం పుస్తకాల మీదుగా, పార్టీ పత్రికల మీదుగా తెలుగులో ఈ మాట ఊరూరా చేరింది. 1964లో పార్టీ చీలాక, ఆ తర్వాత శ్రీకాకుళం రోజుల్లో, మితవాద అవకాశవాదం, అతివాద అవకాశవాదం అని అందులో రకాలు కూడా వచ్చాయి. తుపాకీ పట్టుకుని కొండలెక్కినవాణ్ణి కూడా అవకాశవాది అనవచ్చా అని మొదట ఆశ్చర్యపోయాను. లెనిన్ లెక్క ప్రకారం అనవచ్చు. అక్కడ చూసేది సొంత లాభం కాదు, ఇవాళ్టి కోసం రేపటిని ఖర్చుపెట్టడం. పార్టీ ఆఫీసులోంచి బయటికొచ్చి టీ కొట్టుకి చేరేసరికి ఆ లెక్క జారిపోయి, తనకోసం గోడ దూకేవాడు అన్న అర్థం ఒక్కటే మిగిలింది.

*

ఈ మాట రాకముందు మన దగ్గర ఏముండేది? సామెతలుండేవి. వాటిని వరసగా పేర్చి చూస్తే నాకొకటి తోచింది.

గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. ఈ రెండూ పెద్దవాళ్లు పిల్లలకి చెప్పే బుద్ధులు. మొదటిదైతే లాటిన్ నావికుడి మాటే, సముద్రం బదులు కళ్లం. ఇంకోవైపు, ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. సందట్లో సడేమియా. ఇవి తిట్లు. తిట్టినచోటల్లా రెండో మనిషి ఉన్నాడు చూడండి. ఓడ నడిపిన మల్లయ్య ఉన్నాడు, ఇల్లు కాలినవాడున్నాడు. గాలికీ దీపానికీ నష్టం లేదు కాబట్టి వాటిని వాడుకోవడం తెలివి అయింది. మల్లయ్యకి నష్టం ఉంది కాబట్టి అది నీచం అయింది. సామెతలకి తెలిసిన ఈ తేడాని అవకాశవాదం అన్న ఒక్క మాట చెరిపేసింది. ఇవాళ తూర్పారబట్టుకునేవాణ్ణీ, చుట్టకి నిప్పడిగేవాణ్ణీ కలిపి ఒకే పేరుతో పిలుస్తున్నాం.

గిరీశాన్ని తీసుకోండి. మన సాహిత్యంలో అవకాశవాది ఎవరంటే పదిమందిలో తొమ్మిదిమంది ఆయన పేరే చెబుతారు. విజయనగరం అప్పులవాళ్ల నుంచి తప్పించుకుని శిష్యుడి ఇంట్లో దూరాడు, అక్కడ బాల వితంతువు బుచ్చమ్మని చూసి వితంతు వివాహ ఉద్యమాన్ని తన అవసరానికి వాడుకున్నాడు. నిజమే. కానీ ఆ మోసం లేకపోతే బుచ్చమ్మ అగ్నిహోత్రావధాన్లు ఇంట్లోనే ఉండిపోయేది. నాటకం చివర ఆమెకి పూనా వితంతు శరణాలయం దారి దొరుకుతుంది, గిరీశానికి ఏమీ దొరకదు. చుట్టకి నిప్పడిగినవాడి వల్ల ఇల్లు కాలినామె బయటపడింది. గురజాడ ఈ లెక్కని ఎటూ తేల్చకుండా వదిలేశాడు. అందుకే అది ఇంకా చదవబుద్ధేస్తుందేమో.

*

ఇప్పుడు 1966కి వస్తాను. ఉక్కు కథ అందరికీ తెలిసిందే అనుకుంటాం. తారీఖులు పక్కపక్కన పెట్టి చూస్తే వేరే కథ కనపడుతుంది.

బ్రిటిష్, అమెరికన్ నిపుణుల బృందం 1965లో, కొత్త ఉక్కు కర్మాగారానికి విశాఖ అన్నివిధాలా మేలని సిఫారసు చేసింది. రేవు ఉంది, రైలు ఉంది, బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని ఇక్కడికి తెచ్చి జపాన్‌కి పంపే ఏర్పాట్లు అప్పటికే సాగుతున్నాయి. కానీ దేశం దగ్గర డబ్బు లేదు. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించారు. పైగా సేలం మాకంటే మాకని తమిళనాడు, హోస్పేట అని మైసూరు. కేంద్రం నీళ్లు నమిలింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ విశాఖకే ఇవ్వాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. అక్టోబరు 15న గుంటూరు జిల్లా నుంచి వచ్చిన తమనంపల్లి అమృతరావు విశాఖలో నిరాహారదీక్షకి కూర్చున్నారు. విద్యార్థులు వీధుల్లోకొచ్చారు. నవంబరు 1న విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి సరిగ్గా పదేళ్లయిన రోజు అది. రాష్ట్రమంతటా కలిపి ఆ ఉద్యమంలో ప్రాణాలు పోయినవాళ్లు 32 మంది అని చెప్పుకుంటారు. కమ్యూనిస్టులతో సహా ప్రతిపక్ష శాసనసభ్యులు అరవైమందికి పైగా రాజీనామాలిచ్చారు.

ఇక్కడ ఇంకో తారీఖు పక్కన పెట్టాలి. 1967 ఫిబ్రవరిలో సాధారణ ఎన్నికలు.

అంటే ఆ రాజీనామాలు నాలుగైదు నెలల్లో ఎలాగూ ముగిసిపోయే పదవులకి. ఈ సంగతి మొదటిసారి గమనించినప్పుడు నాలోని సాఫ్ట్‌వేర్ మనిషి విసుక్కున్నాడు. నోటీస్ పీరియడ్లో ఉన్నవాడు రాజీనామా చేసినట్టుంది అనుకున్నాను. ఆ మాటకొస్తే ఏకగ్రీవ తీర్మానమూ ఎన్నికల ముందుదే. అందరూ గాలి చూసి చాప ఎత్తినవాళ్లేనా?

ఫలితాలు చూశాక తగ్గాను. 1962లో అవిభక్త కమ్యూనిస్టు పార్టీకి అసెంబ్లీలో 51 సీట్లు. 1967లో చీలిపోయిన రెండు పార్టీలకీ కలిపి ఇరవై. కాల్పులప్పుడు అధికారంలో ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వమే 165 సీట్లతో తిరిగొచ్చింది. చీలిక దెబ్బ ఉందనుకోండి, ఉక్కు వల్లే ఓడిపోయారనడానికి లేదు. కానీ ఉక్కు వల్ల లాభపడ్డారనడానికి అసలే లేదు. లాభం రాని అవకాశవాదం అవకాశవాదమేనా? విశాఖ పట్నం మటుకు తెన్నేటి విశ్వనాథం గారిని స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకి పంపి, తన లెక్క తాను చూసుకుంది.

తర్వాత మూడున్నరేళ్లు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో విశాఖ ఉక్కు ప్రకటించారు. అదే ప్రకటనలో సేలం, హోస్పేట కూడా ఉన్నాయి, ముగ్గురికీ తలొకటి. డిసెంబర్ చివర లోక్‌సభ రద్దయింది. 1971 జనవరి 20న బాలచెరువు దగ్గర ఆవిడే వచ్చి శంకుస్థాపన చేశారు. మార్చి మొదట్లో ఎన్నికలు. ఆ రాయి అలా ఎంతకాలం ఉందో మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ అనే సంస్థ పుట్టిందే 1982లో. మొదటి బ్లాస్ట్ ఫర్నేసు గోదావరి 1990లో వెలిగింది. ప్లాంటుని పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. ఎన్నికలకి ఆరు వారాల ముందు వేసిన రాయికీ, జాతికి అంకితానికీ మధ్య ఇరవై ఒక్కేళ్లు. 1966లో ఎవరిదైనా అవకాశవాదమా కాదా అని తటపటాయిస్తాను గానీ, ఈ రాయి విషయంలో నాకు అంత మొహమాటం లేదు. పంపకాల రాజకీయమే అవసరం అనుకుంటే అది వేరే సంగతి, ఇంత ఖాళీని జనం చేత మోయించడం వేరే సంగతి.

(ఆ ఏడాదే, 1970 ఫిబ్రవరిలో, శ్రీశ్రీ షష్టిపూర్తి విశాఖలో జరిగినప్పుడు, విద్యార్థుల పేరున వచ్చిన ఒక కరపత్రం రచయితలని మీరు ఎటువైపో తేల్చుకోమని నిలదీసింది. జూలై 4న విరసం ఏర్పడింది. గోడమీద పిల్లులకి ఈ ఊళ్లో ఎప్పుడూ కష్టమే.)

2021లో రీళ్లు మళ్లీ తిరిగాయి. విశాఖ ఉత్తరం శాసనసభ్యుడు గంటా శ్రీనివాసరావు ఉక్కు కోసం ఫిబ్రవరిలో రాజీనామా ఇచ్చారు. అది ఆమోదం పొందింది 2024 జనవరిలో, మళ్లీ ఎన్నికలు గుమ్మంలో ఉండగా. రాజీనామా ఇవ్వడానికే కాదు, పుచ్చుకోవడానికి కూడా గాలి చూస్తారన్నమాట. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటిస్తే, అది తమవల్లే వచ్చిందని ఎంతమంది అన్నారో మీరూ చూసే ఉంటారు. సొంత ఇనుప గనులు మాత్రం ప్లాంటుకి అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. బైలడిల్లా ఖనిజం ఊరి మీదుగానే ఓడలెక్కుతూ ఉంటుంది.

*

ఇంతా చదివి ఒక ఆదివారం మావయ్య దగ్గర కూర్చుని ఈ తారీఖుల గొడవ ఏకరువు పెట్టాను. ఆయన విని, "రాయి ఏసినోల్ల సంగతి సెప్పావు. సోటిచ్చినోల్లు ఏరి?" అన్నాడు.

చోటు. నేను నిఘంటువుల్లో వెతికిన మాట అది.

ప్లాంటు కోసం ఇరవై వేల ఎకరాలకి పైగా భూమి తీసుకున్నారు. 64 గ్రామాలు. 16 వేలకి పైగా కుటుంబాలకి నిర్వాసితులని గుర్తింపు కార్డులిచ్చారు. గాజువాక ప్రాంతంలో ఆర్ కార్డు అంటే ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కార్డుకో ఉద్యోగం అన్నది అందరూ పెట్టుకున్న ఆశ. వాళ్లలో ఉద్యోగం రానివాళ్లు వేలల్లో ఉండిపోయారు. "ఆంధ్రుల హక్కు" అన్న నినాదంలో ఈ ఊళ్ల పేర్లు పట్టలేదు.

తాతయ్య పేరు మీద ఒక కార్డు వచ్చింది. ఇద్దరు కొడుకులు. మావయ్య పెద్దవాడు, పదో తరగతి పోయింది, అప్పటికే పెళ్లయి ఒక పాప. చిన్నమావయ్య ఐటీఐ ఫిట్టర్ పాసయ్యాడు. న్యాయంగా చూస్తే ప్లాంటుకి కావలసినవాడు ఆయనే. తాతయ్య పెద్దకొడుకు పేరు రాయించాడు. 1988లో మావయ్య డ్యూటీలో చేరాడు. చిన్నమావయ్య ఆటోనగర్లో లేత్ మీద పనికెళ్లాడు, అక్కడ యూనియన్లో తిరిగాడు. తాతయ్య పోయినప్పుడు పెద్దకార్యం రోజు, భోజనాల దగ్గర, బంధువులందరి ముందు, "అన్నయ్యా, నువ్వు అవకాశవాదివి" అన్నాడట. మా ఇంట్లో ఆ మాట ఎవరైనా వాడటం అదే మొదటిసారని అమ్మ చెబుతుంది. స్వార్థపరుడివనో, మోసగాడివనో అనుంటే గొడవై తగ్గిపోయేదేమో. యూనియన్ మీటింగులో నేర్చుకున్న మాట అయ్యేసరికి, దానికి తీర్పులాంటి బరువొచ్చింది. పదకొండేళ్లు అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. తర్వాత పెళ్లిళ్లలో పలకరించుకున్నారు, అంతే.

టీవీ ముందు మావయ్య ఆ మాట అన్న రాత్రి నా రాజీనామా సంగతి విని ఎందుకు ఊరుకున్నాడో నాకు అప్పటికి గానీ అర్థం కాలేదు.

"నీకేమనిపిస్తది మావయ్యా, చిన్నమావయ్య అన్నది నిజమేనా?" అని అడిగాను. అడగకూడదేమో.

చాలాసేపు ఆలోచించాడు. "ఉన్నది ఒక్క సోటు. నాను కూకున్నాను. ఆడు కూకుంటే నాను అనీవోణ్ణి" అన్నాడు. కాస్సేపాగి, "అప్పుడు నాకు తెల్దనుకున్నావేటి, ఆడికే పని తెల్సునని? తెల్సు" అన్నాడు. ప్రతి దసరాకీ బోనస్‌లో కొంత పక్కన పెట్టి తమ్ముడికి పంపేవాడట. చిన్నమావయ్య తిప్పి పంపేవాడట. ఆ డబ్బుతో చివరికి అత్తయ్య ఈ ఇంటికి పై గది వేయించింది. నేను మానిటర్లు పెట్టుకున్న గది అది.

నేను రిజైన్ చేశాను. కానీ కొత్తవాళ్లని అడిగి చేరే తేదీ నెల జరిపించుకుని, రిలీజ్ అయ్యేదాకా ఉన్నాను. వాళ్లు వెంటనే సరే అన్నారు, నాకు పైసా పోలేదు, కాబట్టి అది త్యాగం పద్దు కింద రాయడానికి లేదు. మా టీం లీడ్ థాంక్స్ చెప్పింది. ఆ నెల రోజులు లేకుండా వెళ్లిపోయుంటే ఏమనేదో నాకు తెలుసు.

మార్చిలో ఒకరోజు శిబిరంలో నిర్వాసితులు దీక్షకి కూర్చునే వంతు. మావయ్య పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని వెళ్లాడు. నాకు వరుసగా కాల్స్. మైకులో ఊళ్ల పేర్లు చదువుతున్నారు, ఆ రోజు మ్యూట్ తీసే ఉంచాను, ఎవరూ ఏమీ అనలేదు. చీకటిపడ్డాక ఆయన తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని, కుర్చీలో కూలబడ్డాడు.

"చిన్నమావయ్య వచ్చాడా?" అన్నాను.

"వచ్చాడు. నా పక్కనే కూకున్నాడు."

"మాట్లాడాడా?"

"ఏటి మాట్లాడతాడు. మైకు గోల." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "సాయంత్రం దీచ్చ ఇరిమించినప్పుడు నిమ్మకాయ నీల్లు నానే అందించాను. తాగాడు."